యూనిట్ – 9: నదీతీర పట్టణంలో నివాసం – ఇల్లు కొనే ముందు పరిశీలించవలసిన అంశాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు
– ఒక చిన్న పట్టణంలోని దినచర్యకూ, అక్కడ ఇల్లు కొనే నిర్ణయానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు;
– హక్కు పత్రాలు, నీరు, దూరం, ధర అనే నాలుగు అంశాలను ఏ వరుసలో పరిశీలించాలో చెప్పగలుగుతారు;
– నది పక్కన ఉన్న స్థలంలో వచ్చే ప్రత్యేక సమస్యలను గుర్తించగలుగుతారు;
– ఇంటి రుణం, రిజిస్ట్రేషన్, ప్రయాణం ఖర్చులను కలిపి మీ సొంత లెక్క వేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న దానిని జాతికి అంకితం చేశారు. ఈ రెండింటి చుట్టూ ఉద్యోగాలు పెరిగాయి. ఆ ఉద్యోగాల కోసం వచ్చినవారికి ఇళ్ళు కావలసి వచ్చాయి. ఉక్కునగరంలో క్వార్టర్ దొరికిన ఉద్యోగికి సర్వీసు ఉన్నంతకాలం ఇంటి గురించి పెద్ద చింత ఉండదు. పదవీ విరమణ దగ్గరపడినప్పుడే ప్రశ్న ఎదురవుతుంది: ఎక్కడ ఉండాలి? గాజువాకలోనా, కూర్మన్నపాలెంలోనా, లేక కాస్త దూరంగా, కాస్త చవకగా దొరికే అనకాపల్లిలోనా?

రేవులో పనిచేసేవారు, పరవాడ, అచ్యుతాపురం పరిశ్రమల్లో పనిచేసేవారు, నగరంలో అద్దెలు భరించలేనివారు కూడా ఇదే ప్రశ్న వేసుకుంటారు. చాలా కుటుంబాలకు ఇల్లు కొనడం జీవితంలో ఒక్కసారే జరిగే పని. భవిష్య నిధి, గ్రాట్యుటీ, అమ్మిన బంగారం, ఊళ్ళో పొలం మీద వచ్చిన వాటా – ఇవన్నీ ఒకే చోట పెట్టే సందర్భం అది. అందులో పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి మళ్ళీ అంత డబ్బు గానీ, అంత వయసు గానీ మిగలవు. అందుకే ఈ యూనిట్‌లో శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లిని ఉదాహరణగా తీసుకొని, కొనుగోలుదారు ఆలోచన ఏ వరుసలో సాగాలో తెలుసుకుందాం.

9.2 అనకాపల్లి: ఊరి స్వరూపం, దినచర్య

అనకాపల్లి విశాఖపట్నానికి పశ్చిమ దిక్కున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. హౌరా–చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి దీనిని నగరంతో కలుపుతాయి. ఇక్కడి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. పట్టణానికి దగ్గరలోని శంకరం వద్ద బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే ప్రాచీన బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. ఉగాదికి ముందురోజు వచ్చే కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతర మొదలై, ఊరు జనంతో నిండిపోతుంది.

పరిపాలన విషయంలో ఈ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. 2013లో అనకాపల్లి పురపాలక సంఘాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో (జీవీఎంసీ) విలీనం చేశారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అంటే విలీనమైన ప్రాంతంలో ఇంటి పన్ను, కుళాయి, ఇంటి ప్లాను వంటి పనులకు నగరపాలక సంస్థను ఆశ్రయించాలి. భూమి రికార్డులకు అనకాపల్లి జిల్లా రెవెన్యూ యంత్రాంగాన్ని ఆశ్రయించాలి. విలీనం కాని చుట్టుపక్కల గ్రామాల్లో పంచాయతీ ఉంటుంది. రెండు వీధుల తేడాతో పన్నులు, నిబంధనలు మారవచ్చు కాబట్టి, మీరు చూస్తున్న స్థలం ఏ పరిధిలోకి వస్తుందో మొదటి రోజే అడగండి.

ఇక దినచర్య. బజారు, బడి, రైల్వే స్టేషను, బస్ కాంప్లెక్స్ అన్నీ దగ్గర దగ్గరగా ఉండడం చిన్న పట్టణంలోని సుఖం. కూరగాయలకు నడిచి వెళ్ళవచ్చు. పక్కింటివాళ్ళు ఎవరో తెలుస్తుంది. అయితే బెల్లం సీజనులో మార్కెట్ వైపు బండ్లూ లారీలూ పెరుగుతాయి. జాతర రోజుల్లో గుడి పరిసరాల వీధుల్లో వాహనం కదలదు. ఆదివారం మధ్యాహ్నం ప్రశాంతంగా కనిపించిన వీధి, సీజనులో సోమవారం ఉదయం వేరుగా ఉంటుంది. ఇల్లు కొనడమంటే ఆ వీధిలోని అన్ని రోజులనూ కొనుక్కోవడమే.

9.3 పరిశీలనలో వరుస ఎందుకు ముఖ్యం?

సాధారణంగా కొనుగోలుదారు మొదట ధర అడుగుతాడు. ధర నచ్చితే ఇల్లు చూస్తాడు. ఇల్లు నచ్చితే బయానా ఇస్తాడు. బయానా ఇచ్చిన తరువాత కాగితాలు చూపిస్తాడు. వానాకాలం వచ్చాక నీటి సంగతి తెలుసుకుంటాడు. ఈ వరుస తలకిందులుగా ఉంది.

నాలుగు అంశాలను ఇలా పోల్చి చూడండి. హక్కులో లోపం ఉంటే, దానిని సరిచేయడం చాలాసార్లు మీ చేతిలో ఉండదు. కోర్టు చేతిలోనో, ప్రభుత్వం చేతిలోనో ఉంటుంది. స్థలం పల్లంలో ఉంటే, ఇంటిని ఎత్తు చేసుకోగలరు గానీ వీధిని ఎత్తు చేయలేరు. దూరం ఎక్కువైతే, కష్టంగానైనా సర్దుకుపోవచ్చు. ధర మాత్రం బేరమాడితే తగ్గుతుంది. అంటే మార్చలేనిదానిని ముందు, మార్చగలిగినదానిని చివర చూడాలి: కాగితాలు, నీరు, దూరం, ధర. బయానా ఇచ్చిన తరువాత లోపం తెలిస్తే, ఇచ్చిన సొమ్ము పోతుందేమోనన్న భయంతో మనమే ఆ లోపాన్ని చిన్నదిగా చూడడం మొదలుపెడతాం. ఇవ్వకముందు తెలిస్తే, నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1) అనకాపల్లి పట్టణంలో ఇంటి పన్ను ఏ సంస్థకు చెల్లించాలి?
2) ధరను చివర పరిశీలించాలని ఎందుకు అంటున్నాం?

9.4 మొదటి అంశం: కాగితాలు

9.4.1 హక్కు ఎలా వచ్చింది?

అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులను లింకు డాక్యుమెంట్లు అంటారు. ఒక దస్తావేజు నుంచి ఇంకొక దస్తావేజుకు గొలుసు తెగకుండా రావాలి. కనీసం 30 ఏళ్ళ వెనుకకు చూడడం మంచి పద్ధతి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇచ్చే ఈసీ (ఋణభార ధృవపత్రం) ఆ కాలంలో రిజిస్టరైన లావాదేవీలను చూపుతుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: రిజిస్టరు కానివి ఈసీలో కనిపించవు. రిజిస్టరు చేయని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా దానిలో ఉండకపోవచ్చు. అసలు దస్తావేజులు కుదువ పెట్టి అప్పు తీసుకున్న విషయం కూడా కొన్నిసార్లు దానిలోకి ఎక్కదు. అందుకే జిరాక్సు ప్రతులతో సరిపెట్టుకోకుండా, అసలు దస్తావేజులు కళ్ళారా చూడాలి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకాన్ని రిజిస్టరు చేయాలి. "అగ్రిమెంటు రాసుకుందాం, జీపీఏ ఇస్తాం, అదే చాలు" అని కొందరు మధ్యవర్తులు చెబుతుంటారు. 2011లో సూరజ్ లాంప్ కేసులో సుప్రీంకోర్టు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే ఇలాంటి అమ్మకాల వల్ల యాజమాన్య హక్కు బదిలీ కాదని స్పష్టం చేసింది.

9.4.2 ఎవరెవరు సంతకం చేయాలి?

పూర్వీకుల ఆస్తి అయితే వాటాదారులందరినీ గుర్తించాలి. ఆడపిల్లలకు పెళ్ళి చేసి పంపాం కదా అని వారిని వదిలేసి రాసిన దస్తావేజులే తరువాత తగాదాలకు మూలమవుతాయి. ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు కల్పించింది. 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ ఆ హక్కును కుమార్తెలందరికీ ఇచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కుటుంబ సభ్యుల ధృవపత్రం అడగండి. అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉన్నాయేమో చూడండి.

9.4.3 అమ్మకూడని భూములు

ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని మన ప్రాంతంలో డి-పట్టా భూమి అంటారు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఇలాంటి భూమి బదిలీని నిషేధించింది. ఈ చట్టానికి తరువాత సవరణలు వచ్చాయి కాబట్టి, మీరు చూస్తున్న భూమికి ఏది వర్తిస్తుందో రెవెన్యూ కార్యాలయంలో నిర్ధారించుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు ఇందులోకి వస్తాయి. మీ సర్వే నంబరు ఆ జాబితాలో ఉందో లేదో చూడడం పది నిమిషాల పని. చూడకపోతే పదేళ్ళ బాధ.

దీనికి విశాఖపట్నంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం అనే అయిదు గ్రామాల భూములపై సింహాచలం దేవస్థానానికీ, అక్కడి నివాసులకూ మధ్య వివాదం దశాబ్దాలుగా నడిచింది. దీనినే పంచగ్రామాల సమస్య అంటారు. ఇళ్ళు కట్టుకొని, పిల్లలను పెంచి, పెళ్ళిళ్ళు చేసిన కుటుంబాలు కూడా ఆ ఇంటిని అమ్ముకోవడానికీ, దానిమీద అప్పు తెచ్చుకోవడానికీ అవస్థ పడ్డాయి. ఇంట్లో ఎన్నేళ్ళుగా ఉంటున్నామన్నది ఒక విషయం, ఇంటిమీద హక్కు ఉన్నదా అన్నది వేరొక విషయం అని ఈ ఉదాహరణ నేర్పుతుంది.

9.4.4 లేఔట్లు, అపార్టుమెంట్లు

పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతున్నప్పుడు విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) లేదా సంబంధిత సంస్థ ఇచ్చిన ఎల్.పి. నంబరు అడగండి. భూవినియోగ మార్పిడి జరిగిందో లేదో చూడండి. ఆమోదించిన ప్లానులో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్లాటుగా అమ్మడం లేదని నిర్ధారించుకోండి.

2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టాన్ని రెరా అంటాం. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టును అమ్మకానికి పెట్టే ముందే రెరాలో నమోదు చేయాలి. ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. అప్పగించిన తరువాత 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి. ఫ్లాటు ధరను కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మీరు నిజంగా వాడుకునే వైశాల్యం, ఆధారంగా లెక్కవేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3) ఈసీలో కనిపించని విషయాలు రెండు రాయండి.
4) రెరా ప్రకారం రిజిస్టరైన ఒప్పందం లేకుండా బిల్డరు ఎంత శాతం వరకు తీసుకోవచ్చు?

9.5 రెండవ అంశం: నీరు

9.5.1 నది స్వభావం

శారద తూర్పు కనుమల్లో పుట్టి సముద్రంలో కలుస్తుంది. వానల మీద ఆధారపడిన నది ఇది. ఎగువన దేవరాపల్లి దగ్గర దీనిమీద రైవాడ జలాశయం ఉంది; విశాఖపట్నం తాగునీటిలో కొంత అక్కడినుంచే వస్తుంది. వేసవిలో శారద ఇసుక మేటల మధ్య సన్నని పాయగా మిగులుతుంది. అప్పుడు చూసినవారికి ఆ నది పొంగుతుందంటే నమ్మకం కలగదు.

కానీ మన తీరంలో తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. అప్పటికే నైరుతి వానలతో జలాశయాలు నిండి, నేల తడిసి ఉంటుంది. ఆ సమయంలో కనుమల్లో భారీ వాన పడితే నీరు నేలలో ఇంకడానికి చోటు ఉండదు. జలాశయాల గేట్లు ఎత్తవలసి వస్తుంది. 2012 నవంబరులో నీలం తుపాను తరువాత పడిన వానలకు శారద, వరాహ, తాండవ నదులు పొంగి ఈ ప్రాంతాన్ని ముంచెత్తాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను గాలి దెబ్బను చూపించింది. విశాఖపట్నంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగక నీళ్ళూ లేవు.

9.5.2 ఒడ్డున లేకపోయినా మునగవచ్చు

నదికి అర కిలోమీటరు దూరంలో ఉన్నాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. పట్టణంలోని మురుగు కాలువలు చివరకు నదిలోనో, నదిలో కలిసే గెడ్డలోనో పడతాయి. నది మట్టం పెరిగినప్పుడు కాలువ నీరు బయటకు పోలేదు, వెనక్కి తన్నుతుంది. అప్పుడు నది కనబడని వీధిలో కూడా గుమ్మాల ముందు నీరు నిలుస్తుంది. కాబట్టి నదికి ఎంత దూరం అని మాత్రమే అడగకుండా, ఈ వీధి నీరు ఎటు పోతుంది అని కూడా అడగాలి.

ఇంకొక విషయం రోడ్డు ఎత్తు. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్త పొర వేయడం వల్ల రోడ్డు ఎత్తు పెరుగుతూ పోతుంది. ఇరవై ఏళ్ళ కిందట రెండు మెట్లు ఎక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్ళవలసి రావచ్చు. గుమ్మం మట్టం, రోడ్డు మట్టం రెండూ పోల్చి చూడండి.

9.5.3 నిబంధన ఏమి చెబుతుంది?

2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నది హద్దు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, పట్టణ పరిధి వెలుపల 100 మీటర్ల లోపు ఇళ్ళు కట్టకూడదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కొనేనాటికి అమలులో ఉన్నదానిని ప్లానింగు విభాగంలో అడగండి. రెవెన్యూ రికార్డులో నది పోరంబోకు, గెడ్డ పోరంబోకు అని ఉన్న సర్వే నంబర్లను పక్కన పెట్టండి. ఎఫ్.ఎం.బి. అనే కొలతల పటంలో స్థలం హద్దులూ, దాని పక్క సర్వే నంబర్లూ కనిపిస్తాయి. లైసెన్సు ఉన్న సర్వేయరుతో ఆ పటం ప్రకారం కొలిపించడానికి అయ్యే ఖర్చు, స్థలం ధర ముందు చాలా చిన్నది.

9.5.4 రెండుసార్లు చూడండి

ఒకసారి మే నెలలో, ఇంకొకసారి అక్టోబరు లేదా నవంబరులో గట్టి వాన పడిన మరునాడు వెళ్ళి చూడండి. మే నెలలో బావి, బోరు ఎంత లోతున నీరిస్తున్నాయో, కుళాయి రోజు విడిచి రోజు వస్తుందో, ట్యాంకరు కొంటున్నారో తెలుస్తుంది. నదిలో ఇసుక తవ్వకం ఎక్కువైన చోట భూగర్భ జలం దిగిపోతుంది కాబట్టి, పదేళ్ళ కిందట బోరు ఎంత లోతు ఉండేదో కూడా అడగండి. వానాకాలంలో గోడల మీద తడి మరక ఎంత ఎత్తు ఉందో, సెప్టిక్ ట్యాంకు పొంగిందో లేదో, అది బోరుకు ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. అమ్మేవారిని అడిగితే "అబ్బే, మా వీధిలోకి నీరు రాదండీ" అంటారు. పాలు పోసేవారినీ, బట్టలు ఇస్త్రీ చేసేవారినీ, ఆ వీధిలో అద్దెకున్నవారినీ అడగండి. వారికి ఆ ఇల్లు అమ్ముడుపోవలసిన అవసరం లేదు.

9.6 మూడవ అంశం: దూరం, గాలి, వైద్యం

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఉద్యోగి అనకాపల్లిలో ఉండి, సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఉక్కు కర్మాగారానికి నెలకు 25 రోజులు మోటారు సైకిలు మీద వెళ్తున్నారు. రానూపోనూ 40 కిలోమీటర్లు, నెలకు 1,000 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు వస్తే 20 లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు 2,200 రూపాయలు. అదే ఉద్యోగం 35 కిలోమీటర్ల దూరంలోని రేవులో అయితే నెలకు 1,750 కిలోమీటర్లు, 35 లీటర్లు, 3,850 రూపాయలు. రోజుకు 2 గంటలు ప్రయాణానికి పోతే నెలకు 50 గంటలు. రైలు సీజను టిక్కెట్టు చాలా చవక. అయితే మూడు షిఫ్టుల్లో పనిచేసేవారికి రాత్రి 10 గంటలకు డ్యూటీ దిగిన తరువాత ఏ రైలు ఉందన్నది అసలు ప్రశ్న. ఒకసారి మీ షిఫ్టు వేళకే ఆ దారిలో వెళ్ళి చూడండి.

పరిశ్రమల ప్రాంతంలో గాలి దిశ కూడా చూడవలసిందే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి ఎక్కువగా నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది. కర్మాగారం మీ ఇంటికి ఏ దిక్కున ఉందో దానినిబట్టి ఏ నెలల్లో పొగ, దుమ్ము వస్తాయో ఊహించవచ్చు. 2020 మే 7న విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. 1961లో అక్కడ కర్మాగారం మొదలైనప్పుడు చుట్టూ ఇంత జనం లేరు. నగరమే పెరుగుతూ దాని గోడ దాకా వచ్చింది. మీరు కొనే స్థలం పక్కన ఇప్పుడు ఏముందో, మాస్టర్ ప్లానులో ఏ జోన్ అని ఉందో రెండూ చూడాలి.

పదవీ విరమణ తరువాతి ఇల్లు అయితే వైద్యం ముఖ్యం. సాధారణ జబ్బులకు పట్టణంలోనే ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద వైద్యానికి విశాఖపట్నంలోని కేజీహెచ్‌కో, ఇతర పెద్ద ఆసుపత్రులకో వెళ్ళాలి. అర్ధరాత్రి అంబులెన్సు జాతీయ రహదారి ఎక్కడానికి మీ వీధి నుంచి ఎంతసేపు పడుతుంది? దారిలో రైల్వే గేటు ఉందా? వాన పడితే ఆ దారి మునుగుతుందా? నలభై ఏళ్ళ వయసులో ఈ ప్రశ్నలు తోచవు. డెబ్బై ఏళ్ళకు ఇవే పెద్ద ప్రశ్నలు.

9.7 నాలుగవ అంశం: ధర

9.7.1 ప్రకటనల ధర

స్థలం ధరలో రెండు పాళ్ళు ఉంటాయి: ఇప్పుడున్న సౌకర్యాల విలువ ఒకటి, రాబోతున్నాయని చెప్పే సౌకర్యాల విలువ రెండవది. రెండవదానికి ఎంత చెల్లించాలో ఆలోచించండి. విశాఖపట్నంలో మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోనే ఉంది. పదేళ్ళ తరువాత కూడా ఆ రైలు ఎక్కినవారు లేరు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరిగింది. ఇవి రావని కాదు. ప్రకటనకూ, పూర్తికావడానికీ మధ్య కాలం ఎంతో ముందుగా తెలియదు, ఆ కాలమంతా వడ్డీ కట్టేది మాత్రం మీరే. "ఇక్కడ ఇంకేదో రాబోతోంది" అని ఎవరైనా చెప్పినప్పుడు భూసేకరణ అయిందా, నిధులు మంజూరయ్యాయా, పని మొదలైందా అని మూడు ప్రశ్నలు వేయండి.

9.7.2 కొలతలు

మన ప్రాంతంలో ఇంటి స్థలాన్ని గజాల్లో, పొలాన్ని సెంట్లలో, ఎకరాల్లో చెబుతారు. ఎకరం 100 సెంట్లు, అంటే 4,840 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు. చదరపు గజం 9 చదరపు అడుగులు. 200 గజాల స్థలం 1,800 చదరపు అడుగులు, సుమారు 4.13 సెంట్లు. దస్తావేజులో ఒక కొలత, నోటిమాటలో ఒక కొలత ఉంటే రెండింటినీ ఒకే ప్రమాణంలోకి మార్చి పోల్చండి.

9.7.3 మొత్తం లెక్క

40 లక్షల రూపాయల ఇల్లు అనుకుందాం. బ్యాంకు 30 లక్షలు ఇస్తే మీరు 10 లక్షలు తెచ్చుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఇటీవలి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 7.5 శాతం, అంటే మరో 3 లక్షలు. దీనిని బ్యాంకు సాధారణంగా ఇంటి విలువలో కలపదు కాబట్టి మీ చేతి నుంచే వెళ్తుంది. ఇల్లు 50 లక్షలు, అంతకు పైన అయితే కొనేవారే 1 శాతం ఆదాయపు పన్ను కింద మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి.

30 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీ మీద నెలవారీ వాయిదా ఇలా ఉంటుంది:
– 20 ఏళ్ళకు: సుమారు 26,035 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 32.5 లక్షలు.
– 15 ఏళ్ళకు: సుమారు 29,540 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 23.2 లక్షలు.
– 10 ఏళ్ళకు: సుమారు 37,200 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 14.6 లక్షలు.

యాభై ఏళ్ళ ఉద్యోగికి అరవై ఏళ్ళ లోపు తీరే అప్పు కావాలంటే మూడవ వరుసే వర్తిస్తుంది. దానికి ప్రయాణ ఖర్చు కలపండి. ఇంటి పన్ను, మరమ్మతులు కలపండి. అప్పుడు వచ్చిన మొత్తాన్ని, అదే వీధిలో అలాంటి ఇంటికి ఇచ్చే అద్దెతో పోల్చండి. ఊరు మీకు సరిపడుతుందో లేదో తెలియనప్పుడు ఒక ఏడాది అక్కడే అద్దెకుండడం కూడా మంచి మార్గం. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక జాతర చూసిన తరువాత తీసుకునే నిర్ణయంలో తప్పు తక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
5) నదికి దూరంగా ఉన్న వీధిలో కూడా నీరు ఎందుకు నిలవవచ్చు?
6) 150 చదరపు గజాల స్థలం ఎన్ని చదరపు అడుగులు?

9.8 సారాంశం

ఇల్లు కొనే ముందు కాగితాలు, నీరు, దూరం, ధర అనే వరుసలో పరిశీలించాలని ఈ యూనిట్‌లో తెలుసుకున్నాం. మొదటి రెండింటిలో లోపం ఉంటే ధర ఎంత తగ్గినా ఆ ఇల్లు చవక కాదు. అనకాపల్లి వంటి నదీతీర పట్టణం నగరానికి దగ్గరగా, జీవితానికి అనువుగా ఉంటుంది. అయితే వేసవిలోని నదిని చూసి వానాకాలంలోని నదిని అంచనా వేయకూడదు. రాబోయే సౌకర్యాల కోసం ఇప్పుడే చెల్లించే ధర విషయంలో జాగ్రత్త అవసరం. వాయిదా, రిజిస్ట్రేషన్, ప్రయాణం మూడూ కలిపినప్పుడే ఇంటి అసలు ధర తెలుస్తుంది.

9.9 ముఖ్య పదాలు

లింకు డాక్యుమెంట్లు: ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు.
ఈసీ: నిర్ణీత కాలంలో ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధృవపత్రం.
డి-పట్టా: ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమికి ఇచ్చే పట్టా.
పోరంబోకు: నది, గెడ్డ, రోడ్డు వంటి ప్రజావసరాలకు చెందిన ప్రభుత్వ భూమి.
బయానా: బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే సొమ్ము.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1) మహా విశాఖ నగరపాలక సంస్థకు. 2) ధరను బేరమాడి మార్చవచ్చు; హక్కును, స్థలం పల్లాన్ని మార్చలేం. 3) రిజిస్టరు చేయని వీలునామా, నోటిమాట పంపకం (కోర్టు దావా అని కూడా రాయవచ్చు). 4) 10 శాతం. 5) నది మట్టం పెరిగినప్పుడు మురుగు కాలువల నీరు వెనక్కి తన్నడం వల్ల. 6) 1,350 చదరపు అడుగులు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1) నదీతీర పట్టణంలో ఇల్లు కొనేవారు నీటికి సంబంధించి పరిశీలించవలసిన అంశాలను ఉదాహరణలతో వివరించండి.
2) హక్కు పత్రాల పరిశీలనలో గల దశలను చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1) పంచగ్రామాల సమస్య కొనుగోలుదారుకు నేర్పే పాఠం ఏమిటి?
2) రెరా చట్టం కొనుగోలుదారుకు కల్పించిన రక్షణలు రాయండి.

III. కృత్యం
మీ ఊరిలో అమ్మకానికి ఉన్న ఒక ఇంటిని ఎంచుకోండి. ఆ వీధిలోని ముగ్గురితో మాట్లాడి, వేసవిలో, వానాకాలంలో నీటి పరిస్థితి గురించి వారు చెప్పినది రాయండి. తరువాత 9.7.3లోని పద్ధతిలో ఆ ఇంటి మొత్తం ఖర్చును లెక్కవేసి, ఆ ఇంటిని మీరైతే కొంటారో లేదో కారణాలతో ఒక పేజీలో రాయండి.